రెండిళ్ళూ చూసుకున్నాం

ఆన్‌లైన్ ఆటలో ఏ దళంలో చేరాలన్నా ఇప్పుడు ఒక పూట మన ఇల్లు కెమెరాలో చూపించాలి. దొంగ ఆటగాళ్ళు చొరబడకుండా ఈ కట్టుబాటు. గరుడ దళంలో చేరాలన్న ఆశతో ఫోనును పప్పు డబ్బాకు ఆనించి పెట్టాను.

చారుకు పోపు వేస్తున్న నాయనమ్మ, "ఎవరే అందులో?" అంది.

"మా దళపతి. మనల్ని చూస్తున్నాడు."

"చూడనీ. మరి వాళ్ళిల్లు మనకెప్పుడు చూపిస్తాడంట? సంబంధానికైనా రెండిళ్ళూ చూసుకుంటాం గదా!"

ఇక నన్ను చేర్చుకోడనుకున్నాను. కానీ ఆ ఇల్లు చూడాలని నాకూ ఉంది.

కాసేపటికి తెర మీద ఇరుకు వంటగది కనిపించింది. పొయ్యి దగ్గర నా ఈడు అమ్మాయి, ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకుని నిలబడింది.

"పాలు పొంగుతున్నాయమ్మాయ్, మంట తగ్గించు!" అని అరిచింది నాయనమ్మ.

నేను మగాడనుకున్న దళపతి చున్నీ వదిలేసి పొయ్యి వైపు ఉరికింది. తిరిగొచ్చి, నన్ను చూస్తూ, "రేపు ఆటకొచ్చెయ్" అంది.