దిగాలంటే వేరే కాయ

వాగు పొంగిందంటే నెమలికి పండగే. దాటాల్సినవాళ్లంతా దాని కాళ్ల దగ్గరికే రావాలి మరి.

ఆ రోజు ఉడతమ్మ వచ్చింది. అవతలి గట్టున పిల్లలు ఆకలితో ఉన్నాయి, చేతిలో వేరుశెనక్కాయల మూట ఉంది.

"ఒక్క కాయిస్తే చాలు, దాటించేస్తా" అంది నెమలి. ఉడతమ్మ కాయ ఇచ్చి వీపెక్కింది.

గాల్లోకి లేచాక నెమలి గొంతు మారింది. "మెడ పట్టుకున్నావుగా, దానికో కాయ."

వదిలితే వాగులో పడుతుంది. ఉడతమ్మ ఇచ్చింది.

"మూటకి ఇంకోటి."

అదీ ఇచ్చింది. పిల్లల తిండి అలా తరిగిపోతుంటే దానికి ఒళ్లు మండింది.

అవతలి గట్టు పైకి రాగానే నెమలి గాల్లోనే మళ్లీ మొదలుపెట్టింది. "దిగాలంటే వేరే కాయ."

"తప్పదా మామా?"

"ఛ, బలవంతమేం లేదు. కావాలన్నవాళ్లకే."

"అయితే నాకొద్దు. నువ్వు ఎగురుతూనే ఉండు" అని ఉడతమ్మ మెడ గట్టిగా పట్టుకుంది.

అసలే నెమలి ఎక్కువసేపు ఎగరలేదు. రెండు చుట్లు తిరిగేసరికి రెక్కలు పీక్కుపోయి ఇసుకలో దబ్బున కూలబడింది.

ఉడతమ్మ నింపాదిగా వీపు దిగి చెయ్యి చాపింది.

"దిగాలనుకున్నది నువ్వు మామా. ఆ కాయేదో ఇటివ్వు."