పైపొర

గేటు మళ్లీ ఎర్రలైటు వేసింది. రజిత వెనక్కి జరిగి, మళ్లీ ముందుకొచ్చి, గడ్డం ఎత్తి మిషన్ వైపు చూసింది.

"ముఖం సరిపోలలేదు" అంది మిషన్.

వెనక లైన్లో నితీష్ నవ్వాడు. ఆమె టీమే, పక్క సీటు. "వీసా చూపియ్ రజితా. నైజీరియా అనుకుంటున్నది."

"బాలానగర్ అని చెప్పు దానికి."

నవ్వుతూనే అంది. నవ్వకపోతే జోకు అర్థం కాదంటారు. అయినా నైజీరియా అనడం ఎప్పటి నుంచి తిట్టయిందో ఆమెకి తెలియదు.

తప్పు మిషన్‌ది కాదు. గచ్చిబౌలిలోని ఈ కంపెనీలో చేరిన రోజే కార్డు కోసం ఫొటో తీశారు. తీసినాయన అడక్కుండానే ఆమెని నాలుగు మెట్లు తెల్లగా చేశాడు. "అందరికీ చేస్తం మేడం" అన్నాడు, మేలు చేసినట్టు. మిషన్ దగ్గరున్నది ఆ తెల్ల రజిత. ఈ నల్ల రజిత ఎవరో దానికి తెలియదు. మార్చమని అడిగితే హెచ్చార్ పెద్ద సోమేశ్వరరావు, "ఫొటోలన్నీ వెలుగుతూ ఉండాలని పైవాళ్ల రూలు. నా చేతుల్లో ఏముందమ్మా" అన్నాడు.

దాంతో రోజూ పక్కకి నిలబడి రిజిస్టర్లో సంతకం.

"నన్ను రోజు చూస్తవు గద తాతా" అంది రజిత.

"నేను గుర్తువడ్త బిడ్డా. నా గుర్తు చెల్లదు" అన్నాడు సెక్యూరిటీ వీరేశం. రిజిస్టరు అంచుల నిండా నీలం బాల్‌పెన్నుతో పువ్వులు, పిట్టలు గీసి ఉన్నాయి. ఉబుసుపోక గీస్తాడు. సాయంత్రం ఆ రిజిస్టరు పైకి, సోమేశ్వరరావు సంతకానికి పోతుంది.

ఆ వారమే ఇన్‌స్టాలో 'కాకిపిల్ల' అని ఒక పేజీ పుట్టింది. గీతల కాగితం మీద నీలం బాల్‌పెన్ను బొమ్మ. గేటు ముందు నల్లపిల్ల. మిషన్ అంటోంది: "ఫొటోని లోపలికి పంపు. నువ్వు బయటుండు."

ఆ రోజే హైటెక్ సిటీలో ప్రతి ఫోనులోకీ ఎక్కింది.

రెండో బొమ్మ ఇంకా ఘోరం. ఈసారి మిషన్‌కి మీసాలు, మెడ మీద పౌడరు, చేతిలో రుమాలు. చెమటకి పౌడరు చారలు కట్టి కింది నలుపు కనిపిస్తోంది. "నన్నే నేను గుర్తుపట్టను. నిన్నెట్లా పట్టేది?" అంటోంది.

క్యాంటీన్ మొత్తం పడీపడీ నవ్వింది. పేరు రాయక్కర్లేదు. మొహానికీ మెడకీ పౌడరు కొట్టుకొచ్చి, మధ్యాహ్నానికి చారలు కట్టే మనిషి ఆ బిల్డింగులో ఒక్కడే.

మర్నాడు సోమేశ్వరరావు రజితని పిలిచాడు. అద్దాల తలుపు మూశాడు. టేబుల్ మీద ఆమె ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం, సంతకం లేకుండా. అది చేతికొస్తే నాయిన పని మానుతాడు. ఇప్పటికే ఒక కంట్లో ఇనుప రజను పడి చూపు మసకైంది. నాయిన ఏం చేస్తాడని ఆఫీసులో ఎవరడిగినా 'బిజినెస్' అనే చెప్పింది ఇన్నాళ్లూ.

"బొమ్మలో ఉన్నది నువ్వేనమ్మా. ఎవరు వేశారో నీకు తెలియకుండా ఉండదు. పైవాళ్లు పేరు అడుగుతున్నారు."

వీరేశం పువ్వులు ఆమె కళ్లముందు తిరిగాయి. అరవై దాటిన మనిషి. పేరు చెప్తే సాయంత్రానికి ఇంట్లో కూర్చుంటాడు.

"తెలుసు సార్. చెప్పను."

"నన్ను నవ్వులపాలు చేశారు. నువ్వూ నవ్వావా?"

"నవ్విన సార్. తర్వాత పాపమనిపించింది."

మెడ దాకా పోయిన రుమాలు అక్కడే ఆగింది.

"ఈ కాగితం ఆగిపోతుంది తెలుసా?"

రజిత కాగితం మీంచి చూపు తీసింది. "మా నాయిన బాలానగర్ల లేత్ మిషన్ మీద పనిచేస్తడు సార్. నల్ల ఇనుము తెల్లగ మెరవాలంటె పైపొర గీకాలె. నన్ను ఎంత గీకుతరు సార్?"

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వెళ్లమ్మా" అన్నాడు. సంతకం పెట్టలేదు.

కింద వీరేశం అడిగాడు. "ఏమాయె బిడ్డా?"

"ఏం గాలె తాతా. నువ్వు జర పైలం."

"నాకేమైతది?" అన్నాడతను, అయోమయంగా.

లోపలి సంగతి అతనికి చెప్పలేదు. ఇంట్లోనూ చెప్పలేదు. చెప్తే నాయిన భయపడతాడు.

సోమవారం నోటీసు పడింది. బొమ్మలు విదేశీ క్లయింట్ల దాకా పోయాయట. పైవాళ్లు రూలు ఎత్తేశారు. అందరికీ కొత్త ఫొటోలు, రంగు ముట్టుకోకూడదు. లైన్లో అందరికంటే ముందు సోమేశ్వరరావు, పౌడరు లేకుండా నిలబడ్డాడు. రజితని చూసి జేబులోంచి మడిచిన కాగితం తీసిచ్చాడు. సంతకం ఉంది.

"ఎవరు వేశారో తేలలేదని రాసి పంపానమ్మా" అన్నాడు.

మర్నాడు గేటు పచ్చలైటు వేసింది. ఒక్కసారికే. వీరేశం లేచి నిలబడి సలాం కొట్టాడు.

"రజితా, కాకిపిల్ల కొత్త బొమ్మ చూసినవా?" నితీష్ ఫోను చాపాడు. ఈసారి వీసా ఊసెత్తలేదు. "మస్తుంది. నాకే సిగ్గయింది."

లేత్ మిషన్. దాని ముందు నడుం మీద చేతులేసుకుని నల్లపిల్ల. కింద నీలం అక్షరాలు: "నన్ను ఎంత గీకుతరు సార్?"

రజిత వెనక్కి తిరిగి వీరేశాన్ని చూసింది. అతను రిజిస్టర్లో పువ్వు గీసుకుంటున్నాడు.

ఆ మాట అన్నప్పుడు గదిలో ఉన్నది ఇద్దరే.