బొంత కడుపు

రేఖకు నాలుగు రోజులుగా జ్వరం విడవలేదు.

ఐదో రోజు కోడేరు నుంచి తల్లి పెంటమ్మ వచ్చింది. వనపర్తిలోని ఆడపిల్లల హాస్టల్ గదిలో కూతురు మీది బొంత సర్దబోతే ఒక మూల చేతికి గట్టిగా తగిలింది. పంటితో కుట్టు తెంపి చూసింది.

లోపల ఎండిపోయిన జొన్నరొట్టె ముక్క.

"నా బిడ్డకు ఎవరో బాణామతి జేసిండ్రు" అంది పెంటమ్మ. అరవలేదు, మామూలుగానే అంది. అదే ఎక్కువ పనిచేసింది.

గంటలో హాస్టల్లోని తొమ్మిది బొంతల మూలలూ తెగాయి. అన్నింట్లోనూ రొట్టె ముక్కే. పిల్లలు ఇళ్లకు ఫోన్లు చేశారు.

బొంతలు కుట్టింది వంటమనిషి ఎస్తేరు. ఊరు గట్టు, వయసు యాభై దాటింది. చేరి ఏడాది కాలేదు. పరాయి దేశంలో పన్నెండేళ్లు వంట చేసి వచ్చానని చేరిన రోజే చెప్పింది. ఏ దేశమని ఎవరూ అడగలేదు. వంట వస్తే చాలనుకున్నారు.

చలికాలంలో దుప్పట్లు లేని పిల్లల్ని చూసి, పాత చీరలు అడిగి తెచ్చుకుని, మధ్యాహ్నాలు కూర్చుని కుట్టింది. ఎవరూ కుట్టమనలేదు. అదే ఆమె చేసిన తప్పు.

వార్డెన్ లహరి ఆమెను పిలిపించింది.

"రొట్టె ఎందుకు పెట్టినవ్?"

"మా దిక్కు గంతే మేడం. ఆఖరు మూల కుట్టేముందు ఇంత రొట్టె పెడ్తరు. బొంత కడుపు ఖాళీగ ఉండొద్దు."

"గిదంతా తల్లిదండ్రులకు నేనెట్ల జెప్పాలె?"

"ఉన్నది ఉన్నట్టు జెప్పుండ్రి."

లహరి బాణామతిని నమ్మదు. నమ్మొద్దని నాలుగు సభల్లో మాట్లాడింది కూడా. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే తొమ్మిది ఇళ్లవాళ్లను కూర్చోబెట్టి సాయంత్రం దాకా చెప్పాలి. వంటమనిషిని పంపేయడానికి ఐదు నిమిషాలు చాలు.

రేపటి నుంచి రావద్దంది.

ఎస్తేరు బతిమాలలేదు. ఆమె చూపు టేబుల్ మీది పుస్తకం దగ్గర ఆగిపోయింది. లహరి ఆదివారం నాగర్‌కర్నూలులో ప్రసంగించాల్సిన నవల అది. యుద్ధంలో నలిగిపోయిన ఒక దేశపు ఆడవాళ్ల కథ, ఆ దేశపు రచయిత్రే రాసింది, ఈమధ్యే తెలుగులోకి వచ్చింది. అట్ట మీద కూలిన ఇళ్లు, నీళ్ల డబ్బాలతో బారుగా నిలబడ్డ ఆడవాళ్లు.

ఎస్తేరు చెయ్యి చాపబోయి, ఆగి, కొంగుకు తుడుచుకుంది.

"చదువుడైనంక గీ బుక్కు నాకొకపారి ఇస్తరా మేడం?"

లహరికి నవ్వొచ్చింది. పోయే మనిషి పుస్తకం అడుగుతుందేమిటి?

"నీకు అర్థం కాదమ్మా. గది యుద్ధం కథ."

"సరే మేడం" అని వెళ్లిపోయింది ఎస్తేరు.

ఆ సాయంత్రమే బొంతలన్నీ వాకిట్లో కుప్పవేసి కాల్పించింది లహరి. తల్లిదండ్రులు శాంతించారు. రేఖది టైఫాయిడ్ అని మర్నాడు దవాఖానలో తేలింది. ఆ సంగతి ఎస్తేరుకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

రెండు రోజులకు వాచ్‌మన్ జయపాల్ వచ్చి, ఎస్తేరు బొంబాయి బస్సెక్కిందని చెప్పాడు.

"పాత దేశమే మళ్ల పోతదంట మేడం. ఆడ కొట్లాటలున్నయి గద అని నేనన్న. ఉంటే ఉన్నయి, ఆడ నా చేతి రొట్టెకు ఎవ్వరు భయపడలే అన్నది."

లహరి ఊ కొట్టింది. ఆమె ప్రసంగం కోసం నవల్లో వాక్యాల కింద గీతలు గీసుకుంటోంది.

ఆదివారం ప్రసంగం నలభై నిమిషాలు సాగింది. నేలమాళిగలో దాక్కున్న ఆడవాళ్లను నెలల తరబడి బతికించిన పరదేశపు వంటామె గురించి చెబుతూ లహరి కన్నీళ్లు పెట్టుకుంది. అలాంటి తల్లి ఎదురైతే కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటానంది. సభంతా కళ్లు తుడుచుకుంది. శాలువా కప్పారు.

నిజానికి నవల్లో చివరి ముప్పై పేజీలు ఆమె ఇంకా చదవనేలేదు. కన్నీళ్లకు అవి అడ్డం రాలేదు.

సోమవారం మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని చదివింది.

నేలమాళిగలో తిండి పూర్తిగా అయిపోయింది. పిల్లలకు ఏడ్చే ఓపిక కూడా లేదు. చనిపోయిన ఆడవాళ్ల బట్టలతో తాను కుట్టిన బొంతల్ని వంటామె తెచ్చి, ఒక్కోదాని మూల విప్పింది. ఒక్కో మూలలో ఒక్కో ఎండు రొట్టె ముక్క. నీళ్లలో నానబెట్టి పిల్లల నోట్లో పెట్టింది.

ఎప్పుడు దాచావని అడిగారు ఆడవాళ్లు.

దాచలేదు, మా ఊళ్లో బొంత కడుపు ఖాళీగా ఉంచరు అంది వంటామె.

లహరి పుస్తకంలోంచి తలెత్తింది. కిటికీ అవతల, బొంతలు కాల్చిన చోట నేల ఇంకా నల్లగానే ఉంది.

ఎస్తేరు నంబరుకు ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది. అదే మాట.

ఆఖరి పేజీ తిప్పింది. తెలుగు పాఠకులకు రచయిత్రి రాసిన నాలుగు మాటలు ఉన్నాయక్కడ.

"మేమంతా ఆమెను వంటామె అనే పిలిచేవాళ్లం, కథలోనూ అలాగే రాశాను. ఆమె పేరు ఎస్తేరు అని, ఊరు గట్టు అని విడిపోయే రోజున అడిగి తెలుసుకున్నాను. ఆ ఊరు మ్యాపులో ఎంత వెతికినా నాకు దొరకలేదు. ఈ పుస్తకం ముందుగా మీ భాషలోకే రావాలని పట్టుబట్టింది నేనే, ఎందుకంటే ఆమెకు చదవడం వచ్చింది మీ భాష ఒక్కటే."