కాళ్లకు గుర్తున్న పని

వెన్నులో నరాల దారం కుట్టడం మండల ఆసుపత్రిలో పన్ను పీకినంత మామూలైపోయిన రోజులవి. అయితే కుట్టగానే కాళ్లకు నడక రాదు. ఒళ్లెరిగిన పాత పని చేయిస్తేనే అవి మేలుకుంటాయి. ఐలయ్య పక్క మంచం మీది దర్జీ నాలుగు రోజులు మిషను తొక్కి, నడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోయాడు.

కల్లు గీయబోయి తాటిచెట్టు మీంచి పడిన ఐలయ్య కాళ్లే కదల్లేదు. నర్సు అతన్ని పది రోజులుగా ఆసుపత్రి వరండాలోని బురదమడిలో నిలబెడుతోంది. మళ్లీ చెట్టెక్కుతాడన్న భయంతో భార్య లచ్చవ్వ కాగితంలో అతని పని వ్యవసాయమని రాయించింది మరి.

ఆ రోజు ఐలయ్య జారిపడబోయి పక్కనున్న స్తంభాన్ని వాటేసుకున్నాడు. పాదాలు రెండూ వాటంతటవే దాన్ని కరుచుకున్నాయి. చూస్తుండగానే కప్పు దాకా ఎక్కేశాడు.

"గీత పనని ముందుగాల్నే చెప్పాలె గదమ్మా!" అని నర్సు లచ్చవ్వ వైపు తిరిగి నెత్తి కొట్టుకుంది.

"లచ్చీ, ఎక్కుడు యాదికొచ్చింది గని దిగుడు యాదికొస్తలేదే!" అని ఐలయ్య పైనుంచి కేకేశాడు.

లచ్చవ్వ కళ్లు తుడుచుకుని, గీతన్నల దేవుడికి రెండు చేతులూ జోడించింది.

"కాటమయ్యా, నా పెనిమిటిని లేపితే కోడిని కోస్తనంటి గని, గంత మీదికి లేపుమంటినా? జర కిందికి దించు, ఇంకో కోడి కోస్త!"