మరిగే నీళ్లు, రెండుసార్లు

కొండ మీది బీరు ఉత్సవంలో పదకొండో మనిషి కూడా ఒక్క గుక్క తాగి, మిగతాది గడ్డిలో పారబోశాడు.

"బాగుంది" అని మర్యాదగా చెప్పి పక్క స్టాలుకు నడిచాడు.

"అంత బాగుంటే గడ్డికెందుకు తాగించాడక్కా?" అన్నాడు తమ్ముడు.

ఆ పీపాలో బీరు కాచింది అక్క. కొండెక్కించింది తమ్ముడు. వాళ్ల షెడ్డులో ఇదే ఆఖరి పీపా. ఇదీ గడ్డిపాలైతే రేపటి నుంచి షెడ్డుకు తాళం. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పైకి అనుకోలేదంతే.

ఎదురుగా ఉత్సవం పోస్టరు. దాని నిండా పాత బీరు ఫ్యాక్టరీ పొగగొట్టం. కొండ కిందున్న ఆ ఫ్యాక్టరీని పందొమ్మిదేళ్ల క్రితం మూసేశారు. ఒక్క నోటీసుతో నాలుగు వందల మందిని రోడ్డు మీదికి నెట్టారు. మనుషులు పనికిరాలేదు గానీ పోస్టరుకు పొగగొట్టం పనికొచ్చింది!

అక్క కాచేది ఆ ఫ్యాక్టరీ బీరే. అక్కడ పనిచేసి పోయిన నాన్న పెట్టెలో ఒక కాగితం దొరికింది. ఫ్యాక్టరీలో బీరు కాయించే పెద్దమేస్త్రి రాసి గోడకు అంటించిన కాగితం. అందులో కొలతలన్నీ ఉన్నాయి. తమ్ముడికి కంఠతా వచ్చింది మాత్రం మొదటి మాటే: 'ఏ గిన్నె అయినా సరే, మరిగే నీళ్లు, రెండుసార్లు.'

కాగితంలో దొరకనిది ఒక్కటే. ఈస్టు. బీరును పులియబెట్టేది అదే. ప్రాణమున్న సరుకు. వారం వారం మేపాలి, లేకపోతే చస్తుంది; వేడి తగిలినా అంతే. ఫ్యాక్టరీతో పాటే పోయిందన్నారు అందరూ. అక్క బజారులో పొడి పొట్లాలు కొని కాచింది. రంగు వచ్చింది. రుచి రాలేదు.

"ఇంకోసారి అడిగొస్తా" అని లేచింది అక్క.

"ఎవర్ని?"

"పెద్దమేస్త్రిని చూసినవాళ్లు ఎవరన్నా ఉన్నారేమోనని."

"పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. ఆయన ఎప్పుడో పోయుంటాడక్కా."

అయినా వెళ్లింది.

ఆమె అటు పోగానే గ్లాసులు కడిగే ముసలాయన బుట్టతో వచ్చాడు. మోచేతుల దాకా నీళ్లలో నానిపోయిన చర్మం. గడ్డిలో పడున్న గ్లాసు తీశాడు. బుట్టలో వేయకుండా వాసన చూశాడు. అడుగున మిగిలిన చుక్కను నాలుక మీద వేసుకున్నాడు.

"ఏం తాతా, ఎంగిలి కూడా వదలవా?"

"ఇది కాచిందెవరు బాబూ?"

"మా అక్క."

"మంచి చెయ్యి. కొలత ఎక్కడా తప్పలేదు. ఈస్టే తేలిపోయింది."

తమ్ముడికి మండింది. "గ్లాసులు కడిగేవాళ్లు కూడా పాఠాలు చెప్పేవాళ్లే! పోయి నీ గ్లాసుల తొట్టి చూసుకో."

ముసలాయన కదల్లేదు. ఆ గ్లాసును మళ్లీ ఒకసారి వాసన చూశాడు. భుజాన సంచిలోంచి సొట్టలు పడిన స్టీలు ఫ్లాస్కు తీసి పీపా వెనక నీడలో పెట్టాడు.

"మీ అక్క వచ్చాక మాట్లాడతా. అందాకా దీనికి ఎండ తగలనివ్వకు."

"ఇదేమన్నా సామాన్ల గదా తాతా?"

ఆయన అప్పటికే వెళ్లిపోయాడు.

జనం పలచబడ్డాక తమ్ముడు ఫ్లాస్కు మూత తీశాడు. తెల్లగా, చిక్కగా ఏదో. పుల్లటి వాసన. 'పులిసిన జావ తాగి పని చేస్తున్నాడా ముసలాయన!' తను అన్న మాటలు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. కనీసం ఫ్లాస్కన్నా శుభ్రంగా ఇద్దామనుకున్నాడు. జావను కాలువలో పోశాడు. గిన్నెలకని స్టవ్ మీద పెట్టిన నీళ్లు కుతకుతలాడుతూ ఉండగానే నింపాడు, కుదిపాడు, పారబోశాడు. మళ్లీ నింపాడు. తుడిచాడు. ఫ్లాస్కు తళతళలాడింది.

అక్క పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఉన్నాడురా! పెద్దమేస్త్రి బతికే ఉన్నాడు!"

"ఎవరు చెప్పారు?"

"గేటు దగ్గర టికెట్లు చింపే ఆయన. ఆయనా ఫ్యాక్టరీ మనిషే. పెద్దమేస్త్రి ఈస్టును కూడా బతికించుకున్నాడట, పందొమ్మిదేళ్లు, తను తిన్నా తినకపోయినా దానికి పెడుతూ! తొట్టి దగ్గర అడగమన్నాడు."

"అయితే పద. ఆ తాత ఫ్లాస్కు కూడా ఇచ్చేద్దాం."

"ఏ తాత?"

"గ్లాసులు కడిగే తాత. పులిసిన జావ ఉంటే పారబోసి కడిగాను."

అక్క నడక ఆగిపోయింది.

"ఎలా ఉంది జావ?"

"తెల్లగా... అడుగున ముద్దగా పేరుకుని... ఏం?"

అక్క తమ్ముడి చేతిలోని ఫ్లాస్కు వైపు చూస్తూ తొట్టి దాకా నడిచింది.

ముసలాయన తడి చేతులు చొక్కాకు తుడుచుకుని ఫ్లాస్కు అందుకున్నాడు. మూత తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఇంకెక్కడన్నా... ఇంకో సీసాలో కొంచెమైనా దాచారా?" అడిగింది అక్క.

"రెండు చోట్ల మేపే ఓపిక ఎప్పుడో పోయింది తల్లీ."

ఆయన తమ్ముడి వైపు తిరిగాడు. "నీళ్లు బాగా మరిగాయా బాబూ?"

"కుతకుతా మరిగాయి తాతా. రెండుసార్లు పోశాను. మా కాగితంలో మొదటి మాటే అది."

ముసలాయన ఫ్లాస్కు వంచాడు. తేటనీటి చుక్క ఒకటి రాలింది.

"నీ తప్పు లేదు బాబూ. ఆ మాట రాసి గోడకు అంటించింది నేనే."