కోటిరత్నం పెట్టిన పథ్యం

"నొప్పి తినకముందు వస్తుందా, తిన్నాక వస్తుందా అని అడిగారండీ డాక్టరు గారు," అన్నాడు మార్కు మాస్టారు, చేతిలోని ఉత్తరంలోంచి తలెత్తి.

అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న యలమందయ్య కాసేపు ఆలోచించాడు. "తిన్నాకే వచ్చిద్దని రాయండి."

"పోయిన జాబులో తినకముందు అని రాశాం గదండీ."

"అయితే రెండూ రాయండి మాస్టారూ. నొప్పికి వేళా పాళా ఏముంది!"

డాక్టరు ఉండేది చీరాలలో. హోమియో వైద్యం. దూరాభారం వాళ్ళు రోగం సంగతులన్నీ ఉత్తరంలో రాస్తే, చదివి పోస్టులోనే పొట్లాలు పంపుతాడు. యలమందయ్యకు సంతకం తప్ప రాయడం రాదు. పక్కింట్లో ఉండే మార్కు మాస్టారు బడి వదిలాక వచ్చి రాసిపెట్టేవాడు. లోపల కూర్చుని రాద్దామంటే యలమందయ్య వినడు, అరుగు మీదే కావాలి. దాంతో ఆయన కడుపు సంగతి వీధి వీధంతటికీ కంఠతా వచ్చేసింది. మాస్టారు ప్రతి ఆదివారం చర్చిలో యలమందయ్య కడుపును ప్రార్థనలో జ్ఞాపకం చేసుకునేవాడు కూడా.

"ఇంకొకటి అడిగారు. ఈ జబ్బు మొదలయ్యే ముందు మనసుకు దెబ్బ తగిలే సంగతేదైనా జరిగిందా అని."

"ఎందుకు జరగలా?" గుమ్మంలోంచి ఆయన భార్య కోటిరత్నం అందుకుంది. "ఆ పొరుగూరి కబురు విన్న కాడినుంచే గదా ఈయన కూడు ముట్టంది!"

"ఏం లేదని రాయండి," అన్నాడు యలమందయ్య.

ఆ ఏడు తెల్లదోమ పడి ఊళ్ళో అందరితో పాటు యలమందయ్య పత్తి కూడా మొత్తం పోయింది. పొరుగూళ్ళో ఒక రైతు పురుగుమందు తాగి చనిపోయాడు. పరామర్శకు వెళ్ళొచ్చిన వాళ్ళు పత్తి ఊసెత్తలేదు, అప్పుల ఊసెత్తలేదు. పెళ్ళాం నోటికి జడిసి చచ్చాడన్నారు. ఆ ఇల్లాలు ఇప్పటికీ బావి దగ్గరికి తలెత్తుకుని వెళ్ళలేకపోతోంది.

నోటి మాటకొస్తే మన కోటిరత్నం తక్కువదేం కాదు. ఎవరి కోడి తన వాకిట్లోకొచ్చినా, కోడిగలవాళ్ళ తాతల్ని కూడా పలకరించి గానీ వదిలేది కాదు. మొగుడి మీదా అంతే, వీధి చివరిదాకా వినపడేది. అలాంటి మనిషి ఆయన కడుపు పట్టుకున్నప్పటి నుంచి పిల్లిలా అయిపోయింది. కారం, ఉల్లి, కాఫీ మానాలని డాక్టరు రాస్తే, ఆయన కళ్ళు తన కంచం మీద పడతాయని తనూ మానేసింది. పూటపూటా రవ్వ గంజి కాచి చల్లార్చి ఇచ్చేది. మిరపకాయలు పండే నేల మీద పుట్టిన మనిషి కారం లేని మెతుకు మింగడమంటే మాటలా!

"చేను పోతే పోయింది మాస్టారూ. మనిషి దక్కితే కోటప్పకొండకి నడిచొస్తానని మొక్కుకున్నా," అనేది.

ఊళ్ళో అందరూ పత్తి గురించి ఏడుస్తుంటే ఈయన మాత్రం కడుపు గురించి చెప్పేవాడు. పురుగుమందుల కొట్టతను బాకీకి వచ్చినా కడుపు పట్టుకునేవాడు. కొందరు చాటున నవ్వుకున్నారు. మాస్టారికి మాత్రం జాలేసేది.

"ఉత్తరాలతో తేలేలా లేదు, ఒకసారి మనిషిని చూడాలి" అని డాక్టరు రాశాడు.

"చీరాల పోదాం పదండి. నేనూ వస్తాను," అన్నాడు మాస్టారు.

"మిరప కోతలు కానీండి," అన్నాడు యలమందయ్య.

కోతలు కాలేదు. మాఘమాసంలో ఒక పొద్దున చేనుకెళ్ళిన మనిషిని మంచం మీద మోసుకొచ్చారు. పురుగుమందు తాగాడు.

హెడ్డు కానిస్టేబులు వచ్చి అడిగాడు. "ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా?"

"అబ్బే! కడుపు నొప్పండీ. మనిషి అల్లాడిపోయాడు," అంది వీధి ఒకే గొంతుతో. మాస్టారు డాక్టరు జాబులన్నీ తెచ్చి చూపించాడు. కడుపు నొప్పి తాళలేక అని రాసుకుని హెడ్డు వెళ్ళిపోయాడు. కోటిరత్నాన్ని ఎవ్వరూ పల్లెత్తు మాట అనలేదు. పైగా, "ఎంత చాకిరీ చేసింది, పసిబిడ్డని సాకినట్టు సాకింది మహాతల్లి" అని ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

పెద్దకర్మ నాడు పక్క చేను ఇమాం హుస్సేన్ వచ్చి కోటిరత్నం ముందు భోరుమన్నాడు. "నేనే పాపం చేశా వదినా. రోజూ మధ్యాహ్నం నా క్యారేజీలో పండుమిరప పచ్చడి అడిగి కలుపుకునేవాడు. కోటికి చెప్పొద్దురా అనేవాడు. ఈ చేత్తోనే పెట్టాను."

"పథ్యం తప్పాడన్నమాట! ఇంక మందేం పనిచేస్తది?" అంటూ చుట్టూ ఉన్నవాళ్ళు నిట్టూర్చారు. కోటిరత్నం ఏడుపు మాత్రం ఉన్నట్టుండి ఆగిపోయింది. కళ్ళొత్తుకుంటున్న కొంగు అలాగే పట్టుకుని ఉండిపోయింది.

మర్నాడు బడి వదిలాక ఆమె మాస్టారిని పిలిపించింది. ఈసారి అరుగు మీద కాదు, లోపల కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేసింది.

"చీరాల డాక్టరు గారికి ఒక జాబు రాయండి. ఆయన పోయాడని రాయండి. మందులో తప్పేం లేదని రాయండి. పాపం, తన వైద్యం పారకే ఒక మనిషి పోయాడని ఆయన కుమిలిపోగూడదు."

మాస్టారు కాగితం తీశాడు. ఇంత దుఃఖంలోనూ ఎవరో ముక్కూమొహం తెలియని డాక్టరు గురించి బాధపడుతోంది. "పథ్యం చెయ్యకపోబట్టి నొప్పి తగ్గలేదని రాయనా అమ్మా?"

ఆమె అడ్డంగా తలూపింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఒకప్పుడు వీధి చివరిదాకా వినిపించిన గొంతు ఇప్పుడు ఎదురుగా ఉన్న మాస్టారికే సరిగా వినపడలేదు. ఆయన ముందుకు వంగాడు.

"ఆయనకి కడుపు నొప్పే లేదు మాస్టారూ."