సూది పడ్డాక

"పాపని ఇట్లియ్యి బావా. ఇంటికి పోదాం" అంది శోభన, మొగుడి చొక్కా పట్టుకుని.

తణికైవేల్ భుజం మీద ఐదేళ్ల నివేద మగతగా తల వాల్చి ఉంది. బస్సు దిగినప్పటినుంచీ అతనే మోస్తున్నాడు. ఎదురుగా ఆకుపచ్చ పరదా. దాని వెనక పిల్లలకి ఫ్లూ టీకాలు వేస్తున్నారు. తిరుత్తణిలో నేతవాళ్ల సంఘం కల్యాణమండపంలో పెట్టించిన క్యాంపు అది. వీళ్ల వెనక గుమ్మం దాకా తల్లులూ పిల్లలూ వరసగా నిలబడి ఉన్నారు.

"ఎన్నిసార్లు చెప్పేది మే. మన వీధిలో పిల్లోళ్లు ఒకరెనక ఒకరు పడకేస్తా ఉండారు. ఎదురింటి బిడ్డని తిరువళ్లూరు ఆస్పత్రికి ఎత్తుకోని పోయినారా లేదా? ఆ జరం మన పాపకి తగులుకుంటే ఏం జేస్తావు?"

"సూది వికటిస్తే నువ్వేం జేస్తావు?"

తణికైవేల్ చొక్కా విడిపించుకుని, పాపతో పరదా లోపలికి వెళ్లిపోయాడు.

శోభన వెంట పోలేదు. రవిక కుట్టే సూది వేలికి గుచ్చుకున్నా కళ్లు తిరిగే మనిషి. గోడ వైపు తిరిగి, రెండు చెవులూ మూసుకుని, కొండ మీది మురుగుణ్ణి తలుచుకుంది. మూసుకున్న చెవుల్లోకి కూడా నివేద కేక దూసుకొచ్చింది. ఆ కేకతో పాటు ఆమె ప్రాణం సగం పోయింది.

కాసేపటికి తణికైవేల్ బయటికొచ్చి పాపని ఆమె ఒళ్లో కూర్చోబెట్టాడు. గౌను చెయ్యి భుజం దాకా మడిచి ఉంది. పెళ్లాం మొహంలోకి చూడకుండా, "ఈడనే కూచోనుండు. డాక్టరమ్మ యాడుందో చూసి పిలుచుకోనొస్తా" అని గబగబా వెళ్లిపోయాడు.

డాక్టరమ్మ ఎందుకు? అడుగుదామంటే మనిషి లేడు. ఆమెతో ఏ సంగతైనా అంతే అతను, సగం చెప్పి సగం మింగుతాడు. అంతా చెబితే ఏడ్చి ఇల్లు పీకి పందిరి వేస్తుందని అతని భయం.

పక్క కుర్చీలో తిరువాలంగాడు నుంచి వచ్చిన అలిమేలమ్మ, చిన్న మనవడితో వంతు కోసం కాచుకుని ఉంది. శోభన వాలకం చూసి ధైర్యం చెప్పింది. సూది పడ్డాక కాసేపు కూర్చోబెట్టి చూడడం మామూలేనంది. తన పెద్ద మనవడికి పోయినేడు వేయిస్తే, మురుకు నములుకుంటూ ఇంటికొచ్చాడంది.

శోభనకి అందులో ఒక్క మాటే నిలిచింది. కూర్చోబెట్టి చూస్తారు. ఏం చూస్తారు? ఏమీ కాని దానికి చూడడం ఎందుకు?

ఆమే చూడడం మొదలుపెట్టింది. పాప కళ్లు ఎర్రగా ఉన్నాయి. పెదవులు ఎండిపోయాయి. ఊపిరి తొందర తొందరగా తీస్తోంది. మెడ మీద చెయ్యి వేస్తే చుర్రుమంది. సూది వేసిన చెయ్యి ఇదేనా అని మెల్లగా ఎత్తి వదిలితే, తడిగుడ్డలా ఒళ్లో పడింది.

"కాళ్లు నొప్పెత్తా ఉండాయి మా" అంది నివేద, కళ్లు తెరవకుండా.

చేతికి వేసిన సూది కాళ్ల దాకా పాకిందన్న మాట. శోభన మనసు ఆ క్షణాన శ్మశానం దాకా పోయి వచ్చింది. కాళ్లకి కట్టిన చిన్న పట్టీలు ఎవరో విప్పి తన చేతిలో పెడుతున్నట్టే అనిపించింది. ఇంక కూర్చోలేకపోయింది. పాపని ఎత్తుకుని వరస ముందరికొచ్చి నిలబడింది.

"సూదేసినంక నా బిడ్డ ఇట్లయిపోయింది. చూడండి. పొద్దున నడిచొచ్చి బస్సెక్కిన బిడ్డ."

గట్టిగా కూడా అనలేదు. అయినా మండపంలో అందరూ ఇటు తిరిగారు. ముందున్న తల్లి ఒకామె వంగి నివేద నుదురు తాకి, కాలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ ఒక్క కదలిక చాలింది. ఎవరో తమిళంలో వద్దు వద్దు, పోదాం రండి అన్నారు. ఎవరో ఫోనెత్తి వీడియో తీయసాగారు. ఇందాక ధైర్యం చెప్పిన అలిమేలమ్మే మనవడికి కొంగు కప్పి, వెనక్కి చూడకుండా గుమ్మం వైపు నడిచింది. సంఘం పెద్ద ధర్మలింగం అడ్డంపోయి చేతులు జోడించినా ఒక్కరూ ఆగలేదు. చూస్తుండగానే వరస సగానికి సగం కరిగిపోయింది.

గొడవ విని సిస్టర్ పరదా తీసుకుని బయటికొచ్చింది. నివేదని చూసి గబగబా దగ్గరికి వచ్చి, నుదుటి మీదా మెడ మీదా చెయ్యి పెట్టి చూసింది.

"ఏం సూదేసినావు మా నా బిడ్డకి?" అంది శోభన.

గుమ్మం దగ్గరున్నవాళ్లు జవాబు కోసం ఆగారు. డాక్టరమ్మని వెంటబెట్టుకుని అప్పుడే వస్తున్న తణికైవేల్ కూడా ఆగి, తల వంచుకున్నాడు.

సిస్టర్ అతని వైపొకసారి, శోభన వైపొకసారి చూసింది.

"మీ ఆయన చెప్పలేదామ్మా? చెయ్యి పట్టుకోంగానే సూదికి బయపడి కేకేసింది, ఒళ్లు జూస్తే కాల్తా ఉండాది. మీ వీధిలో తిరగతా ఉండే జరమేనేమో, ముందు డాక్టరమ్మకి చూపించు, తగ్గినంక తోలుకోని రా అని పంపించేసినాను. నీ బిడ్డకి నేను సూది వెయ్యనే లేదు."